హైస్కూల్లో కరెంటు, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ రిపేరు: లోపం వెతకడం చుట్టూ కోర్సు నడపడం ఎలా

కాగితం మీద ఇవి మూడు వేర్వేరు పాఠాలు. బెంచీ ముందు కూర్చుంటే మూడింట్లోనూ చేసే పని ఒకటే: కరెంటు ఎక్కడిదాకా వస్తోంది, ఎక్కడ ఆగిపోయింది అని వెతకడం. వెలగని బల్బుకీ, మోగని బజర్‌కీ, ఆన్ కాని కంప్యూటర్‌కీ ఇదే ప్రశ్న. హైస్కూలు పిల్లలకు ఈ కోర్సు నేర్పబోతుంటే, మొత్తం కోర్సును ఈ వెతుకులాట చుట్టూనే కట్టండి. మీరే పనిగట్టుకుని బోర్డులు చెడగొట్టి పిల్లల ముందు పెట్టండి.

థియరీ వద్దని అనడం లేదు. ఓమ్ సూత్రం (వోల్టేజీ అంటే కరెంటు ఇంటూ రెసిస్టెన్సు) రాని విద్యార్థి మల్టీమీటరు మీద అంకె చదవగలడు, అది ఉండాల్సిన అంకేనా కాదా అన్నది చెప్పలేడు. కాకపోతే ఆ సూత్రంతో తనకేం పనో ముందు తెలియాలి. వెలగాల్సిన బల్బు వెలగనప్పుడు అది బాగా తెలుస్తుంది.

పాఠం మొదలుపెట్టే ముందు

ఒక నియమం రాసి గోడకు అంటించండి: పిల్లల చేతుల్లోకి వెళ్లేది 12 వోల్టులు దాటకూడదు. ఇళ్లకు వచ్చే కరెంటు దేశాన్ని బట్టి 120 వోల్టుల దగ్గరో 230 దగ్గరో ఉంటుంది. రెండూ ప్రాణం తీయగలవు. ఎందుకో పిల్లలకు అంకెలతో చెప్పండి, ఊరికే భయపెట్టకండి. ఒంట్లోంచి 1 మిల్లీ ఆంపియర్ పారితే జిల్లుమంటుంది. 10 దాటితే కండరాలు బిగుసుకుని, పట్టుకున్న వైరును వదలడం కష్టమవుతుంది. 50 నుంచి 100 దగ్గరికి వస్తే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది. పాతకాలపు టార్చిలైటు బల్బు వెలగడానికే 300 మిల్లీ ఆంపియర్ల దాకా కావాలి. అంటే ఆ బుల్లి బల్బును కూడా సరిగా వెలిగించలేనంత కరెంటు మనిషిని చంపగలదు. ఈ మాట ఒక్కసారి చెబితే చాలు, పిల్లలు మర్చిపోరు.

ల్యాబులోని ప్లగ్గులన్నిటికీ కలిపి 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే ట్రిప్పయ్యే, అంటే కరెంటు దారి తప్పి కారితే వెంటనే సప్లై ఆపేసే, ఆర్‌సీడీ పెట్టించండి. మొత్తం సప్లై ఆపేసే స్విచ్చి మీ టేబులుకు చెయ్యి అందేంత దూరంలో ఉండాలి. ఉంగరాలు, గాజులు, లోహపు వాచీలు తీసేయాలి. వైరు కత్తిరించేటప్పుడూ సోల్డరింగ్ చేసేటప్పుడూ కళ్లద్దాలు తప్పనిసరి, ఇందులో మొహమాటం లేదు.

సప్లైకి మామూలు ఏఏ సెల్సు, 9 వోల్టుల బ్యాటరీలు చాలు. వాటి లోపలే కొంత రెసిస్టెన్సు ఉంటుంది కాబట్టి పొరపాటున షార్టు అయినా కరెంటు ఒక హద్దులో ఉంటుంది. షార్టులో వదిలేస్తే సెల్లు మాత్రం కాలేంత వేడెక్కుతుంది, ఆ సంగతీ చెప్పండి. లిథియం సెల్సు, బండి బ్యాటరీలు మొదటి ఏడాది వద్దు. అవి షార్టయితే వైరు ఎర్రగా కాలుతుంది. కరెంటు లిమిట్ పెట్టుకునే బెంచ్ సప్లై ఒకటి దొరికితే ఇంకా మంచిది.

సామాన్ల విషయంలో నా సలహా ఒకటే. నాణ్యమైన ఖరీదు మీటర్లు నాలుగు తెచ్చి బీరువాలో దాచడం కన్నా, లోపల ఫ్యూజు ఉన్న మామూలు డిజిటల్ మీటర్లు ఇద్దరికొకటి చొప్పున ఇవ్వండి. మీటరు ఫ్యూజులు మాత్రం డబ్బాలకు డబ్బాలు తెచ్చిపెట్టుకోండి. ఎన్ని పోతాయో రెండో వారంలోనే చూస్తారు.

1. ముందు మీటరు

మొదటి రెండు వారాలు మీటరు తప్ప ఇంకేమీ వద్దు. మూడు విషయాలు చేతికి అలవాటు కావాలి. వోల్టేజీ చూడాలంటే వస్తువుకు రెండు వైపులా ప్రోబులు (మీటరు వైర్ల మొనలు) ఆనించాలి. కరెంటు చూడాలంటే దారిని తెంచి మీటరును మధ్యలో పెట్టాలి. రెసిస్టెన్సు చూడాలంటే సప్లై పూర్తిగా తీసేయాలి.

ఫ్యూజులు పోయేది రెండోదాని దగ్గరే. కరెంటు కొలవడానికి ఎర్ర ప్రోబును ఆంపియర్ల సాకెట్‌లో గుచ్చుతారు. పని అయ్యాక అలాగే వదిలేస్తారు. తర్వాత వచ్చినవాళ్లు అదే మీటరుతో బ్యాటరీ వోల్టేజీ చూడబోతారు. ఆంపియర్ల సాకెట్‌లో మీటరు దాదాపు ఒక వైరుముక్కే కాబట్టి బ్యాటరీ నేరుగా షార్టు. 9 వోల్టుల దగ్గర ఫ్యూజుతో పోతుంది, గోడ ప్లగ్గు దగ్గరైతే మీటరు చేతిలోనే పేలొచ్చు. అందుకని ఇది అలవాటు చేయండి: కరెంటు కొలవగానే, మీటరు కింద పెట్టేలోపే, ఎర్ర ప్రోబు వోల్టుల సాకెట్‌లోకి వచ్చేయాలి. ఎవరు మర్చిపోతే వాళ్లే ఫ్యూజు మార్చాలి.

ఇంకో అలవాటు. ఒక చోట కరెంటు లేదని మీటరు చెబితే వెంటనే నమ్మకూడదు. కరెంటు ఉందని కచ్చితంగా తెలిసిన చోట ముందు పెట్టి చూడాలి, తర్వాత అసలు చోట చూడాలి, మళ్లీ తెలిసిన చోట చూడాలి. మధ్యలో మీటరు బ్యాటరీ పోయినా, ప్రోబు వైరు లోపల తెగినా ఈ మూడో పరీక్షలో బయటపడుతుంది. పెద్దయ్యాక ఎలక్ట్రీషియన్‌గా బతికేవాళ్లకు ఈ అలవాటే రక్ష.

ఇక కొలతలు. కొత్త ఏఏ సెల్లు 1.5 నుంచి 1.6 దాకా చూపిస్తుంది. బాగా వాడేసిన సెల్లు కూడా ఊరికే కొలిస్తే 1.3 చూపించవచ్చు. పిల్లలు అది బాగానే ఉందంటారు. అప్పుడు దానికి చిన్న బల్బు తగిలించి, బల్బు ఉండగానే మళ్లీ కొలవమనండి. అంకె జారిపోతుంది. లోడు లేకుండా తీసిన కొలతకు విలువ తక్కువని పిల్లలకు ఇక్కడే తెలుస్తుంది. కంప్యూటర్ ఎస్‌ఎమ్‌పీఎస్ (లోపలి పవర్ సప్లై డబ్బా) దగ్గర ఇదే పాఠం మళ్లీ పనికొస్తుంది.

రెసిస్టెన్సు దగ్గరికి వచ్చాక 12 వోల్టుల 5 వాట్ల ఫిలమెంటు బల్బు ఒకటి ఇవ్వండి. లెక్క కడితే దాని రెసిస్టెన్సు 28.8 ఓములు రావాలి. మీటరు పెడితే రెండో మూడో ఓములు చూపిస్తుంది. లెక్క తప్పా, మీటరు తప్పా? ఓ పావుగంట వాదించుకోనివ్వండి, మీరు కలగజేసుకోకండి. ఫిలమెంటు చల్లగా ఉన్నప్పుడు రెసిస్టెన్సు చాలా తక్కువ, వేడెక్కి వెలిగేటప్పుడు పది రెట్ల పైన పెరుగుతుంది. బల్బులు స్విచ్చి వేసిన క్షణంలోనే ఎక్కువగా ఎందుకు పోతాయో కూడా దీంతోనే అర్థమవుతుంది.

2. బల్బు, స్విచ్చి, ఫ్యూజు, ఒక తెగిన వైరు

చెక్కపలక మీద బ్యాటరీ, ఫ్యూజు, స్విచ్చి, బల్బు హోల్డరు, నాలుగైదు స్క్రూ కనెక్టర్లు బిగించి సర్క్యూట్ కట్టించండి. వెలిగిందా, సంతోషం. మరుసటి రోజు పిల్లలు రాకముందే మీరు వెళ్లి ఒక్కో పలకలో ఒక్కో లోపం పెట్టండి. ఒకదాంట్లో ఫ్యూజు తీగ తెంపండి. ఒకదాంట్లో స్క్రూ కింద వైరు ఇన్సులేషన్‌తో సహా బిగించండి, పైకి చూస్తే బాగానే ఉంటుంది, లోపల రాగి తగలదు. ఇంకోదాంట్లో హోల్డరు లోపలి నాలుకను కాస్త కిందికి నొక్కేయండి, బల్బు అడుగు దానికి అందదు.

పిల్లల మొదటి ప్రయత్నం అన్నీ విప్పి మళ్లీ కట్టడం. అది కుదరదని ముందే చెప్పండి. ఏ స్క్రూ విప్పాలన్నా లోపం అక్కడే ఉందని మీటరుతో చూపించాలి.

పద్ధతి ఇది. నల్ల ప్రోబును బ్యాటరీ మైనస్ దగ్గర క్లిప్పుతో పట్టించి వదిలేయాలి. ఎర్ర ప్రోబుతో ప్లస్ నుంచి ఒక్కో కనెక్షన్ మీదుగా నడవాలి. సప్లై 12 వోల్టులైతే, 12, 12, 12, ఆ తర్వాత 0 వచ్చిందనుకోండి, చివరి 12కీ మొదటి 0కీ మధ్యనే తెగింది. వెలగని బల్బు రెండు కాళ్ల మధ్య నేరుగా కొలిస్తే 12 వస్తోందా, అప్పుడు బల్బే పోయింది. సున్నా వస్తోందా, లోపం ఇంకోచోట ఉంది. ఆన్‌లో ఉన్న స్విచ్చి రెండు కొసల మధ్య సున్నాకు దగ్గరగా ఉండాలి, అర వోల్టు కనిపిస్తే లోపల కాంటాక్టు మాడిందన్నమాట. బల్బు వెలుగుతూనే ఉంటుంది, మసకగా. ఇలాంటి సగం చెడిన లోపాలు కూడా ఒకటి రెండు పెట్టండి. బయట పనిలో ఎదురయ్యేవాటిలో ఇవే తలనొప్పి.

సర్క్యూట్ పెద్దదయ్యాక ఒక చివర నుంచి నడుస్తూ పోవడం టైమ్ వేస్టు. ఎనిమిది భాగాలు వరసగా ఉన్నాయనుకోండి, సరిగ్గా మధ్యలో కొలవాలి. అక్కడ సరిగా ఉంటే లోపం తర్వాతి నాలుగింట్లో ఉంది, లేకపోతే ముందు నాలుగింట్లో. మళ్లీ అందులో సగం. మూడు కొలతల్లో దొరికిపోతుంది. ఈ సగం పద్ధతిని ఏడాది పొడుగునా పేరు పెట్టి పిలవండి, కంప్యూటర్ దాకా పనికొస్తుంది.

ప్రతి లోపానికీ నోటు పుస్తకంలో నాలుగు లైన్లు రాయించండి: ఏం కనిపించింది, ఏం కొలిచాను, దాన్నిబట్టి ఏమనుకున్నాను, ఏం సరిచేశాను. కొలవకుండా అనుకున్నది మూడో లైనులో రాస్తే కొట్టేయండి.

ఇంటి వైరింగు గురించి తప్పకుండా అడుగుతారు. ఫేజు, న్యూట్రల్, ఎర్తు ఏం చేస్తాయో, ఎంసీబీకీ (కరెంటు హద్దు దాటితే ఆపేసే స్విచ్చి) ఆర్‌సీడీకీ తేడా ఏమిటో చెప్పండి. ఎంసీబీ కాపాడేది వైరును, ఆర్‌సీడీ కాపాడేది మనిషిని. మెట్ల దగ్గరి రెండు స్విచ్చిల బల్బులాంటివి అసలు స్విచ్చిలు, అసలు బోర్డులతోనే కట్టించండి, సప్లై మాత్రం 12 వోల్టులే. వైర్ల రంగులు ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటాయి, ఒకే దేశంలో పాత ఇంటికీ కొత్త ఇంటికీ కూడా తేడా రావచ్చు. రంగును నమ్మి చెయ్యి పెట్టకూడదన్న ఒక్క మాట గట్టిగా చెప్పి ముందుకు వెళ్లండి.

3. ఎలక్ట్రానిక్స్: ఎల్‌ఈడీతో మొదలు

బ్రెడ్‌బోర్డు (సోల్డరింగ్ లేకుండా పార్టులు గుచ్చే రంధ్రాల పలక) ఇచ్చేముందు దాని లోపలి కనెక్షన్లు మీటరు కంటిన్యుటీ బీపుతో (దారి కలిసి ఉంటే మోగేది) పిల్లలనే కనుక్కోమనండి. ఐదేసి రంధ్రాలు ఒక వరస అని వాళ్లే చెప్తారు. పక్కనున్న పవర్ గీతలు కొన్ని బోర్డుల్లో మధ్యలో తెగి ఉంటాయి. ఇది తెలియక ‘సగం సర్క్యూట్ పనిచేయట్లేదు సార్’ అంటూ వచ్చేవాళ్లు ప్రతి బ్యాచిలోనూ ఉంటారు.

ఎర్ర ఎల్‌ఈడీ వెలిగేటప్పుడు దాని మీద సుమారు 2 వోల్టులు పడతాయి. బ్యాటరీ 9 అయితే మిగిలిన 7 వోల్టులు రెసిస్టరు భరించాలి. 15 మిల్లీ ఆంపియర్లు చాలనుకుంటే 7ను 0.015తో భాగించాలి, 467 ఓములు వస్తుంది. బజారులో దొరికే దగ్గరి విలువ 470, అంటే రెసిస్టరు మీద పసుపు, ఊదా, గోధుమ రంగు చారలు. వేడెంత? 7 వోల్టులు ఇంటూ 0.015, వాట్‌లో పదోవంతు. పావు వాట్ రెసిస్టరు సరిపోతుంది. ఈ లెక్క ప్రతి ఒక్కరూ చేతితో చేయాలి, నీలం ఎల్‌ఈడీకి 3 వోల్టులు వేసుకుని మళ్లీ చేయాలి.

ఆ తర్వాత అసలు పాఠం. ఇప్పుడు సర్క్యూట్‌లో పారుతున్న కరెంటు ఎంతో చెప్పమనండి, కానీ ఏ వైరూ తెంచకూడదు. కాసేపు తడుముకుంటారు. రెసిస్టరు రెండు కాళ్ల మధ్య వోల్టేజీ కొలిచి 470తో భాగిస్తే కరెంటు వచ్చేసినట్టే. నా దృష్టిలో ఈ కోర్సులో ఓమ్ సూత్రం నిజంగా బుర్రకెక్కే రోజు ఇదే. రిపేరు చేసేవాళ్లెవరూ బోర్డు మీద దారి తెంచి కరెంటు కొలవరు, ఇలాగే లెక్క కట్టుకుంటారు.

లోపాలకు కొదవ లేదు. ఎల్‌ఈడీని తిరగేసి పెట్టండి. 470 బదులు 47 కిలో ఓములు పెట్టండి, చారల్లో తేడా గోధుమ స్థానంలో నారింజ మాత్రమే, ఎల్‌ఈడీ వెలిగీ వెలగనట్టు ఉంటుంది. రెసిస్టరు రెండు కాళ్లూ ఒకే వరసలో గుచ్చేయండి, రెసిస్టరు లేనట్టే అవుతుంది. ఈ చివరిదానికి ఎల్‌ఈడీ ఒకటి బలి.

ట్రాన్సిస్టరును మొదట్లో స్విచ్చిగానే చెప్పండి, యాంప్లిఫయర్ జోలికి పోవద్దు. దానికి బేసు, కలెక్టరు, ఎమిటరు అని మూడు కాళ్లుంటాయి. బీసీ 547 రకం ట్రాన్సిస్టరు బేసుకు 10 కిలో ఓముల రెసిస్టరు గుండా 9 వోల్టులు ఇస్తే కలెక్టరులోని ఎల్‌ఈడీ వెలుగుతుంది. అప్పుడు ఎమిటరు నుంచి కొలిస్తే బేసు దగ్గర 0.7 వోల్టులు, కలెక్టరు దగ్గర 0.2 లోపు ఉండాలి. ఈ రెండు అంకెలు తెలిస్తే రోగం చెప్పేయొచ్చు. బేసు దగ్గర మొత్తం 9 కనిపిస్తే లోపల బేసు, ఎమిటరు మధ్య తెగింది. సున్నా కనిపిస్తే రెసిస్టరు దగ్గరో, లోపలి షార్టు దగ్గరో చూడాలి. బేసు దగ్గర 0.7 ఉండి కూడా కలెక్టరు వోల్టేజీ కిందికి రాకపోతే ట్రాన్సిస్టరు మార్చాల్సిందే.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. చదునైన ముఖం మనవైపు పెట్టుకుంటే బీసీ 547 కాళ్లు ఎడమ నుంచి కలెక్టరు, బేసు, ఎమిటరు. చూడ్డానికి అచ్చం అలాగే ఉండే 2ఎన్ 3904కు ఇది తిరగబడుతుంది. రెండు రకాలూ ఒకే డబ్బాలో కలిపి ఇచ్చి, డేటాషీటు (తయారీదారు ఇచ్చే వివరాల కాగితం) చూడకుండా పెట్టినవాళ్ల సంగతి ఏమవుతుందో చూడండి. డేటాషీటు చదవడం ఎందుకని ఆ తర్వాత ఎవరూ అడగరు.

చివరగా 555 టైమర్, అంటే నిర్ణీత వ్యవధితో ఆన్, ఆఫ్ చేసే ఎనిమిది కాళ్ల చిప్పు. హాన్స్ కామెంజిండ్ 1971లో డిజైన్ చేసిన ఈ చిప్పు ఇప్పటికీ తరగతి గదికి అంత సులువుగా సరిపోతుంది. సప్లైకీ ఏడో కాలుకీ మధ్య 1 కిలో ఓము, ఏడుకీ ఆరుకీ మధ్య 68 కిలో ఓములు, ఆరో కాలూ రెండో కాలూ కలిపి అక్కడి నుంచి గ్రౌండుకు 10 మైక్రోఫారడ్ కెపాసిటరు. నాలుగో కాలు, ఎనిమిదో కాలు సప్లైకి, ఒకటో కాలు గ్రౌండుకు. మూడో కాలు దగ్గర 470 ఓములతో ఎల్‌ఈడీ పెడితే దాదాపు సెకనుకోసారి మిణుకుతుంది. పనిచేశాక కెపాసిటరు తీసేసి 100 మైక్రోఫారడ్ పెట్టించండి. ఇప్పుడు ఒక్కో మిణుకుకు పది సెకన్లకు కాస్త తక్కువ పడుతుంది, కెపాసిటరు మీద మీటరు పెడితే వోల్టేజీ 3 నుంచి 6 దాకా ఎక్కడం, మళ్లీ దిగడం కళ్లముందే కనిపిస్తుంది. ఆసిలోస్కోపు (వోల్టేజీ మార్పును గీతగా చూపే యంత్రం) లేని స్కూలుకు ఇది చాలు. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటరుకు మైనస్ గీత ఏ వైపో చూసి పెట్టాలి, తిరగేస్తే ఉబ్బి పగలొచ్చు.

4. సోల్డరింగ్

చూపించి నేర్పే పని ఇది, రాసేది తక్కువే. ఐరన్ మొనను తడి స్పాంజి మీదో ఇత్తడి పీచు మీదో తుడవాలి. మొన ఒకేసారి బోర్డు మీది రాగికీ పార్టు కాలుకీ తగలాలి. ఒకటి రెండు సెకన్లు ఆగి, టంకం తీగను మొనకు కాకుండా జాయింటుకు అందించాలి. ముందు తీగ తీసి తర్వాత ఐరన్ తీయాలి. గట్టిపడేదాకా కదపకూడదు. సీసం, తగరం కలిసిన మామూలు తీగ 190 డిగ్రీల లోపే కరుగుతుంది, సీసం లేనిది 217 దాటాలి. ఐరన్ 350 డిగ్రీల దగ్గర పెట్టుకుంటే రెండింటికీ పని జరుగుతుంది. పొగ వచ్చేది ఎక్కువగా తీగలోని ఫ్లక్సు (టంకం బాగా పట్టేలా చేసే పదార్థం) నుంచి, అది ఉబ్బసం ఉన్న పిల్లలకు పడదు, కిటికీ పక్కన ఫ్యాను పెట్టండి. సీసం తీగ వాడితే చేతులు కడుక్కోకుండా ఎవరినీ బయటికి పంపకండి.

జాయింటు మెరవకపోతే డ్రై సోల్డర్ అని పాతవాళ్లు చెప్తారు. సీసం లేని తీగ మామూలుగానే మసకగా ఉంటుంది కాబట్టి మెరుపును చూడకండి. టంకం కాలు చుట్టూ పల్లంగా పాకి రాగిని పట్టుకుందా, లేక బంతిలా పైనే కూర్చుందా అన్నదే చూడాలి.

5. కంప్యూటర్ మీదికి

ఇప్పటిదాకా నేర్చుకున్నదంతా ఇక్కడ ఒకచోటికి వస్తుంది. మూలన పడేసిన డెస్క్‌టాప్‌లు సేకరించండి. పనిచేసేవి రెండు మూడు ఉంటే మంచిది, లోపాలు మీరే పెట్టుకోవచ్చు.

ముందు చేయకూడనివి. ఎస్‌ఎమ్‌పీఎస్ డబ్బా విప్పకూడదు. ప్లగ్గు పీకాక కూడా దాని లోపలి పెద్ద కెపాసిటరులో 300 వోల్టుల పైన నిలిచి ఉండొచ్చు. పాత పిక్చర్ ట్యూబ్ మానిటర్ల వెనక మూత తీయకూడదు, అక్కడ వేల వోల్టులు ఉంటాయి. ఉబ్బిన ల్యాప్‌టాప్ బ్యాటరీని నొక్కడం, గుచ్చడం, ఛార్జింగు పెట్టడం చేయకూడదు. ఈ మూడింట్లో ఏది కనిపించినా పిల్లలు చేతులు వెనక్కి తీసుకుని మిమ్మల్ని పిలవాలి.

స్టాటిక్ కరెంటు గురించి కూడా చెప్పాలి. మన వేలికి చురుక్కుమని తెలిసేసరికే అది వేల వోల్టులు ఉంటుంది, చిప్పు పాడవడానికి అంత అక్కర్లేదు. చేతికి ఎర్తింగ్ పట్టీ కట్టుకుంటే సరి. ఆ పట్టీ తీగలో ఒక మెగా ఓము రెసిస్టరు ఉంటుంది, అది మనిషి రక్షణ కోసం. అలాంటి పట్టీ బదులు ఉత్త రాగి తీగ చేతికి చుట్టుకోకూడదు.

ఇక రిపేరు. కంప్యూటర్ ‘పనిచేయట్లేదు’ అన్న మాటను ఒప్పుకోకండి. స్విచ్చి నొక్కితే ఏం జరిగిందో చెప్పించండి.

అస్సలు కదలిక లేదంటే సప్లై నుంచి మొదలు. ప్లగ్గు, వెనకాల స్విచ్చి చూశాక, ఎస్‌ఎమ్‌పీఎస్‌ను మదర్‌బోర్డు నుంచి విడదీయండి. 24 కాళ్ల కనెక్టరులో ప్లగ్గు పెట్టి ఉన్నంతసేపూ ఊదా వైరు మీద 5 వోల్టులు ఉండాలి. ఆకుపచ్చ వైరును ఏదైనా నల్ల వైరుకు చిన్న తీగముక్కతో కలిపితే సప్లై ఆన్ అవుతుంది. పాత హార్డ్ డిస్కో ఫ్యానో లోడుగా తగిలించే కొలవండి, ఏఏ సెల్లు పాఠం గుర్తుంది కదా. పసుపు 12, ఎరుపు 5, నారింజ 3.3. ఐదు శాతం అటూ ఇటూ పరవాలేదు. అంటే 12 స్థానంలో 11.4 కన్నా తక్కువ వస్తే సప్లై పోయినట్టే. కొన్ని సప్లైలకు అన్నీ నల్ల వైర్లే వస్తాయి, అప్పుడు కాళ్ల నంబర్లు చూసుకోవాలి, ఆకుపచ్చ స్థానం 16. సప్లై బాగుంటే ముందు ప్యానెల్ స్విచ్చి వైరు సంగతి చూడండి. దాన్ని పీకేసి, మదర్‌బోర్డు మీద ఆ రెండు పిన్నులను స్క్రూడ్రైవర్ కొసతో ఒక్క క్షణం కలిపితే ఆన్ అవుతుందా? అయితే పోయింది ఉత్త స్విచ్చే.

ఫ్యాన్లు తిరుగుతున్నాయి, తెర నల్లగా ఉందంటే సగం పద్ధతికి పండగే. సప్లై, మదర్‌బోర్డు, ప్రాసెసరు, ఒక్క ర్యామ్ తప్ప మిగతావన్నీ పీకేయండి. ప్రాసెసరులోనే గ్రాఫిక్స్ లేకపోతే డిస్‌ప్లే కార్డు ఉంచాలి. ఇప్పుడు ర్యామ్ కూడా తీసి ఆన్ చేయండి. బోర్డుకు స్పీకరు ఉంటే బీపులతో గోల పెట్టాలి. పెట్టిందంటే బోర్డు, ప్రాసెసరు బతికే ఉన్నాయి, లోపం ర్యామ్‌లోనో దాని స్లాటులోనో అని అనుమానించొచ్చు. బీపుల అర్థం ఒక్కో తయారీదారుది ఒక్కోలా ఉంటుంది, మాన్యువల్ చూడాలి. ర్యామ్ కాంటాక్టులు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, వేరే స్లాటులో టక్కుమనేదాకా నొక్కి చూడండి.

కాసేపు నడిచి ఆగిపోతోందంటే వేడి. దుమ్ము, తిరగని ఫ్యాను, ఎండిపోయిన థర్మల్ పేస్టు (ప్రాసెసరు వేడిని దాని పైనున్న కూలరుకు అందించేది). పాత పేస్టు పూర్తిగా తుడిచి, కొత్తది మధ్యలో చిన్న గింజంత పెడితే చాలు. ఫ్యాను దుమ్ము గాలితో ఊదేటప్పుడు రెక్కను వేలితో ఆపండి. కెపాసిటర్ల తలలు ఉబ్బాయా అని చూడటం మర్చిపోకండి. 2000ల మొదట్లో తయారైన బోర్డుల్లో నాసిరకం కెపాసిటర్ల బెడద ఎక్కువ. అవి మార్చడం మీ సోల్డరింగ్ బ్యాచికి మంచి పని, మదర్‌బోర్డు మీద అయితేనే సుమా.

తెర వచ్చింది, విండోస్ రాలేదంటే ముందు, విండోస్ కన్నా మొదట నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రామ్ అయిన బయాస్‌లో డిస్కు కనిపిస్తోందా చూడాలి. కనిపించకపోతే డేటా కేబులు మార్చండి, పవర్ కేబులు మార్చండి. కనిపిస్తుంటే బూట్ వరస (ఏ డిస్కు నుంచి ముందు మొదలవ్వాలన్నది) చూడండి. తేదీ వెనక్కి పోయి ఉంటే సీఆర్ 2032 బటన్ సెల్లు అయిపోయింది, 3 వోల్టులు ఉండాలి. అదేపనిగా హ్యాంగ్ అవుతూ ఉంటే పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ బూట్ చేసి ఓ గంట వాడి చూడండి. అందులో హాయిగా నడిస్తే లోపం సాఫ్ట్‌వేరులోనో డిస్కులోనో ఉంది. రెండింట్లోనూ హ్యాంగ్ అయితే ర్యామ్ టెస్టు రాత్రంతా నడిపించండి.

డిస్కు టక్‌టక్ అంటోందా, స్మార్ట్ రిపోర్టులో (డిస్కు తన ఆరోగ్యం గురించి తానే ఇచ్చేది) రీఅలోకేటెడ్ సెక్టార్లు (చెడిపోయి పక్కన పెట్టిన చోట్లు) పెరుగుతున్నాయా, ఆ క్షణమే రిపేరు ఆపి డేటా కాపీ చేయాలి. టీచర్లవో తల్లిదండ్రులవో కంప్యూటర్లు తెస్తే వాటి ఫోటోలు, ఫైళ్లు ఎవరూ తెరవకూడదు. యజమాని ఒప్పుకున్నట్టు సంతకం లేకుండా ఫార్మాట్ చేయకూడదు. ఈ రెండు నియమాలు తప్పినవాళ్లను నేనైతే బెంచీ మీదికి మళ్లీ రానివ్వను.

ల్యాప్‌టాప్‌లు చివర్లో, ఓపిక ఉన్నవాళ్లకే. మూత తీయగానే బ్యాటరీ కనెక్టరు పీకాలి. స్క్రూలు ఒకే పొడవు ఉండవు. పొట్టి స్క్రూ ఉండాల్సిన చోట పొడుగుది బిగిస్తే బోర్డును పొడుచుకుని పోతుంది. కాగితం మీద ల్యాప్‌టాప్ అడుగు బొమ్మ గీసి, ఏ స్క్రూను ఆ చోటే టేపుతో అంటించమనండి.

6. పరీక్ష

రాత పరీక్ష చిన్నదిగా పెట్టండి. అసలు పరీక్ష మూడు బెంచీల మీద: ఒక బల్బు పలక, ఒక 555 బోర్డు, ఒక డెస్క్‌టాప్. ఒక్కోదాంట్లో ఒక్కో లోపం, ఒక్కోదానికి ఇరవై నిమిషాలు. డెస్క్‌టాప్‌లో సగం ఊడిన ర్యామ్, పీకిన డిస్కు కేబులు, మార్చిన బూట్ వరస లాంటివి చాలు. నిజంగా చెడిపోయిన మదర్‌బోర్డు పరీక్షలో పెట్టడం అన్యాయం.

మార్కుల్లో సగం పైన నోటు పుస్తకంలోని కొలతలకే ఇవ్వండి. లోపం దొరక్కపోయినా సరైన చోట్ల సరైన వరసలో కొలిచి, ఇక మిగిలింది ఫలానా భాగమే అని రాసినవాళ్లకు మంచి మార్కులు పడాలి. అదృష్టం కొద్దీ ర్యామ్ నొక్కగానే ఆన్ అయి, ఎందుకో రాయలేనివాళ్లకు తక్కువ పడాలి. మీటరు ప్రోబు ఆంపియర్ల సాకెట్‌లో వదిలేసి లేస్తే రెండు మార్కులు కోత.

మీరు పెట్టిన ప్రతి లోపాన్నీ పలక నంబరుతో సహా ఒక పుస్తకంలో రాసిపెట్టుకోండి. సెలవులిచ్చే ముందు ఆ పుస్తకం చూస్తూ అన్నీ సరిచేసి బీరువాలో పెట్టండి. లేకపోతే వచ్చే ఏడాది మొదటి క్లాసులో, పిల్లలందరూ చూస్తుండగా, ఆ లోపాలు మీరే వెతుక్కోవాల్సి వస్తుంది.